మిగతా సగం

మొన్న రేషన్ మిషను నా వేలిని ఒప్పుకోలేదు.
బొటనవేలు, చూపుడువేలు, మళ్ళీ బొటనవేలు.
"గీతలు లేవన్నా నీకు," అన్నాడు డీలరు.
వెనక వరుసలో ఎవరో నవ్వినారు.
పదకొండేండ్లు ఎర్రగుంట్ల ఫ్యాక్టరీలో
నేను నాపరాయిని పాలిష్ పడితే
అది నన్ను పట్టింది.

నాయన ఉన్నప్పుడు
రాత్రి ఎనిమిదిన్నరకు ఇద్దరూ గోడకానుకొని కూర్చునేవాళ్ళు.
గుణదల తిరునాళ్ళలో కొన్న జపమాల,
సిలువ కొస అరిగి మొద్దుబారింది.
మొదటి సగం అమ్మది:
"దేవవర ప్రసాదముచేత నిండిన మరియమ్మా, వందనము..."
రెండో సగం నాయనది.
క్వారీ దుమ్ము తిన్న గొంతు,
"పరిశుద్ధ మరియమ్మా" అని ఒకసారి ఆగేది,
"పాపాత్ములమై" దగ్గర దగ్గు అందుకొనేది.
వేళ్ళ మధ్య పూసను కదలనీయకుండా
అమ్మ కాచుకొని ఉండేది.

చీనీచెట్ల అప్పు మీద కొట్లాడి
ఇద్దరూ మాట్లాడుకోని నెలలోనూ
ఆ ఒక్క వాక్యాన్ని మాత్రం కలిసే మోసినారు,
చెరో కొస పట్టుకొని
ఆరడుగుల బండను లారీకెత్తినట్లు.
ఒక్కరెత్తితే విరుగుతుంది బండ.

ఒకసారి అడిగినా,
ఇంటర్ ఫెయిలైనా అన్నీ తెలిసినవాని మాదిరి:
"ఒకే మాట యాభైమూడు సార్లెందుకమ్మా?
ఆయమ్మకు ఒక్కసారి చెప్తే వినబడదా?"
"ఆమెకు వినబడుతుందిరా.
వినబడంది నాకు," అనింది,
చింతపండు గింజలు తీస్తా.

కడప రిమ్స్‌లో ఆ రాత్రి
డాక్టరు కాయితం ముందుకు తోసినాడు.
సంతకం పెట్టినా.
దేవుణ్ణి ఏమని పిలవాల్నో
నా నోటికి ఒక్క మాటా దొరకలేదు.
అమ్మ వెతుక్కోలేదు.
కరెంటు పోయినా బావి దగ్గరికి నడిచే కాళ్ళ మాదిరి
ఆమె నాలుక ఆ దారిన పోయింది.
"ఇప్పుడును, మా మరణ సమయమందును"
నలభై ఏండ్లు ఆ రెండు మాటల నడుమ
ఎంత ఎడముండిందో!
బిడ్డలు, బాకీలు, మూడు కరువులు,
రెండు పెండ్లిండ్లు పట్టేంత.
తెల్లారుజాము మూడింటికి
ఆ రెండూ ఒకటే గంటయినాయి.
నాయన పెదవులు
తన సగాన్ని కదిలించినాయి.
శబ్దం రాలేదు.

ఇప్పటికీ అమ్మ మొదటి సగమే చెబుతుంది.
ఆగుతుంది.
ఆ ఆగడంలో సిమెంటు లారీ ఒకటి పోతుంది,
ఎదురింట్లో అంతోనమ్మ పిల్లోణ్ణి తిడుతుంది,
ఫ్యాను రెక్క గీరుకుంటుంది.
సరిగ్గా ఒక దగ్గు పట్టేంత సేపు.
తర్వాత ఇంకో పూస.
బయట నులకమంచం మీద
నేను నిద్ర నటిస్తాను.

ఏడాదికి పైగా నటించినా.

అక్టోబరులో ఒక శుక్రవారం,
దుఃఖ దేవ రహస్యాలు,
నాలుగోది, సిలువ మోసేది.
పొలం నుంచి ఇంటికి పోతా ఉంటే
భుజాన మాను పెట్టించుకున్న ఆ మనిషి
భక్తితో వచ్చినాడా ఏమన్నా?
దొరికిపోయినాడు, అంతే.
నేనూ దొరికిపోయినా.
"పరిశుద్ధ మరియమ్మా..."
నా గొంతే, నాది కానట్లుంది.
"పాపాత్ములమై" దగ్గర
దుమ్ము అడ్డం పడి దగ్గొచ్చింది,
ఆయన ఆగిన చోటే.

అమ్మ తల తిప్పలేదు.
లోపల పూస కదిలిన చప్పుడు,
గింజ పగిలినంత సన్నగా.
ఐదో పూస దగ్గర మాట మరిచిపోయినా.
ఆమె అందియ్యలేదు, కాచుకొని ఉండింది.
ఎనిమిదో పూసకు లేచిపోయి పక్కన కూర్చున్నా.
జపమాల రెండో కొస నా చేతిలో వేసింది.
గీతల్లేని వేళ్ళు.
పూసలు ఏమీ అడగలేదు.

"కూరలో ఉప్పు తక్కువుండాది, చూసి కలుపుకో,"
అనింది అమ్మ, ఆమెన్ తర్వాత.